పూరేడు కోసం ఒక పొలం



సేద్యం ఇళ్లలో పుట్టిన మనకు ఒక పని వింతగా కనిపిస్తుంది. అర ఎకరం గడ్డినేల తీసుకుని, ఆ గడ్డిని వేళ్లతో సహా చంపి, మట్టి పరీక్ష చేయించి, సున్నం చల్లి, జొన్న విత్తి, తీరా కంకి పండాక కొడవలి పట్టకుండా పక్కకు తొలగిపోవడం! కోత లేదు, నూర్పు లేదు, గాదెలో పోసుకోవడం లేదు. ఆ పంట అంతా పిట్టలది, జింకలది. అమెరికా పల్లెల్లో ఇది చాలామంది చేసే పనే. దాన్ని వాళ్లు 'ఫుడ్ ప్లాట్' అంటారు. మనం మేతమడి అనుకుందాం.

ఇందులో కష్టమైన పని ఏదని ఆ రైతులను అడిగితే, విత్తడం అని చెప్పరు. గడ్డి తీయడం అంటారు. విత్తడానికి ఒక పూట చాలు. గడ్డి తీయడానికి ఒక్కోసారి ఏడాది పడుతుంది. ఇంతకీ ఆ గడ్డి అక్కడికి ఎలా వచ్చింది? దానంతటదే మొలిచిందా? లేదు. చాలాచోట్ల దాన్ని వాళ్ల తాతలే ఎంతో సంతోషంతో, ఎంతో కృతజ్ఞతతో చల్లారు. ఒక తరం మేలని చల్లిన గడ్డిని ఇంకో తరం చెమటోడ్చి చంపుతోంది. ఈ మధ్యలో ఏం జరిగిందో తెలుసుకుంటే మనకూ పనికివస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

గుప్పెడంత పిట్ట

పూరేడు అనగానే మనలో చాలామందికి అరణ్యంలో ఇశ్రాయేలీయుల పాళెం మీద వాలిన పక్షులు గుర్తుకొస్తాయి. చేలగట్ల మీద నడిచేవారికైతే, కాళ్ల ముందునుంచి బుర్రుమని లేచి పది గజాల అవతల మళ్లీ చేలో దూరే పిట్ట గుర్తుకొస్తుంది. దానికి దూరపు చుట్టం ఒకటి అమెరికాలో ఉంది. పేరు బాబ్‌వైట్. అది కూసే కూత అలా వినిపిస్తుంది కాబట్టి ఆ పేరు వచ్చింది. బరువు సుమారు 170 గ్రాములు. చలికాలపు రాత్రి గుంపంతా నేల మీద గుండ్రంగా కూర్చుంటాయి. తోకలన్నీ లోపలికి, తలలన్నీ బయటికి. ఒకదాని వెచ్చదనం ఒకదానికి, అందరి కాపలా అందరికీ.

ఈ పిట్ట గూడు నేల మీదే. డజను గుడ్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే పెడుతుంది. 23 రోజులు పొదుగుతుంది. పిల్ల గుడ్డులోంచి బయటికి వచ్చేటప్పుడు తుమ్మెదంత ఉంటుంది. ఒళ్లు ఆరగానే తల్లి వెంట నడక మొదలుపెడుతుంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ తుమ్మెదంత పిల్లకు మొదటి వారాల్లో గింజ కాదు కావలసింది, పురుగు. ఆ పురుగును వెతుక్కుంటూ నడవడానికి దుబ్బుకూ దుబ్బుకూ మధ్య కాస్త ఖాళీ నేల కావాలి. పైనుంచి డేగ చూడకుండా ఆకుల కప్పు కావాలి. చలికాలానికి గింజ కావాలి. నడవడానికి నేల, దాక్కోవడానికి నీడ, తినడానికి పురుగు, ఆపైన గింజ. ఈ నాలుగూ దగ్గరదగ్గరగా ఉంటేనే దానికి బతుకు.

దుబ్బు గడ్డి, చాప గడ్డి

తెల్లవారు రాకముందు కెంటకీ దక్షిణ భాగంలో 'బారెన్స్' అనే పెద్ద పచ్చిక బయళ్లు ఉండేవి. అక్కడి మూలవాసులు అప్పుడప్పుడు నిప్పు పెట్టి వాటిని చెట్లు కమ్మకుండా కాపాడేవారు. ఆ బయళ్లలో ఉన్నదీ గడ్డే. అయితే అది దుబ్బులు దుబ్బులుగా పెరిగే గడ్డి. దుబ్బుల మధ్య మన్ను కనిపిస్తుంది. ఆ సందుల్లో చిక్కుడు జాతి మొక్కలు, పూలమొక్కలు పెరుగుతాయి. పూరేడు పిల్లకు అవే బాటలు, అవే చెట్ల నీడలు. కాబట్టి గడ్డి అనేది పిట్టకు శత్రువు కాదు. ఏ గడ్డి అన్నదే ప్రశ్న.

తరువాత నాగలి వచ్చింది, పశువు వచ్చింది, కంచె వచ్చింది. అయినా పిట్ట పోలేదు. పైగా కొన్నిచోట్ల పెరిగింది. 1865లో బానిసత్వం ముగిసిన తరువాత దక్షిణ రాష్ట్రాల్లో లక్షలమంది నల్లజాతి వారు, బీద తెల్లవారు, సొంత భూమి లేక, పండినదాంట్లో వాటా ఇచ్చే పద్ధతి మీద దొరల భూములు చేసుకుని బతికారు. వాళ్ల పొలాలు చిన్న చిన్న ముక్కలు. ఇక్కడ మొక్కజొన్న, అక్కడ పత్తి, ఆ మూల అలసంద, మధ్యలో ఒక ఏడాది సాగు చేయని చెక్క, గట్ల మీద పొదలు. చలికాలం చివర నిప్పు పెట్టి తుక్కు కాల్చేవారు. కలుపంతా తీసే కూలీ లేదు, గట్లన్నీ చెక్కే తీరిక లేదు. ఆ తీరిక లేనితనంలోనే పూరేడు బతికింది.

దీన్ని చదివి ఆ రోజులే బాగున్నాయని ఎవరూ అనుకోకూడదు. ఆ ముక్కచెక్కల పొలాల వెనుక అప్పు ఉంది, అవమానం ఉంది, ఓటు లేకపోవడం ఉంది. ఆ భారం మోయలేకే లక్షలాది కుటుంబాలు పిల్లాపాపలతో ఉత్తరాది పట్టణాలకు తరలిపోయాయి. అది వారికి న్యాయమైన ప్రయాణమే. కానీ వారు వెళ్లిపోయాక, ట్రాక్టరు వచ్చి ముక్కలన్నీ కలిపాక, పిట్ట కూడా వెళ్లిపోయింది. వారి చేతి పని పిట్టకు ఎంత ఆధారమో, ఆ చేతులు లేకపోయాకే భూస్వాములకు తెలిసింది.

ఒక మనిషి అడిగిన ప్రశ్న

జార్జియా రాష్ట్రంలో థామస్‌విల్ అనే ఊరు ఉంది. ఆ చుట్టుపక్కల ఉత్తరాది ధనవంతులు పూరేడు వేట కోసం పెద్ద పెద్ద భూములు కొనుక్కున్నారు. 1920ల నాటికి వాళ్ల భూముల్లో పిట్ట తగ్గసాగింది. కారణం తెలుసుకోవడానికి వాళ్లే డబ్బు సమకూర్చగా, 1924లో ప్రభుత్వ జీవశాస్త్ర విభాగం తరఫున హెర్బర్ట్ స్టోడార్డ్ అనే మనిషి అక్కడికి వచ్చాడు. ఆయనకు పెద్ద చదువులు లేవు. పల్లెలో, అడవిలో తిరిగి నేర్చుకున్న కన్ను ఉంది. కొన్నేళ్లపాటు గూళ్లు లెక్కపెట్టాడు, పిట్ట పొట్టలో ఏముందో చూశాడు, ఏ చోట బతుకుతోంది, ఏ చోట చస్తోంది అని రాసుకున్నాడు.

అందరూ అనుకున్నది వేరు. డేగలు తింటున్నాయని కొందరు, మేత చాలడం లేదని కొందరు అన్నారు. ఆయన చూసింది ఇంకొకటి. నిప్పు మానేసిన చోట పాత గడ్డి, ఆకుల తుక్కు పేరుకుపోయి నేల మూసుకుపోయింది. గింజ ఉన్నా పిట్టకు అందడం లేదు. నేల తెరిచి ఉంటే గింజ దానంతటదే ఉంటుంది. ఆ రోజుల్లో అటవీ శాఖ నిప్పు అంటేనే పాపం అన్నట్లు ప్రచారం చేస్తోంది. అందువల్ల స్టోడార్డ్ తన పుస్తకంలో నిప్పు గురించిన అధ్యాయాన్ని పలుమార్లు తిరగరాయవలసి వచ్చింది. చివరకు 1931లో ఆ పుస్తకం అచ్చయింది.

రెండేళ్ల తరువాత, 1933లో, విస్కాన్సిన్ రాష్ట్రంలో ఆల్డో లియోపోల్డ్ వన్యప్రాణుల నిర్వహణ మీద ఒక పెద్ద గ్రంథం రాశాడు. ఆయన చెప్పిన సారం ఇది: అడవి జంతువులను నాశనం చేసినవి గొడ్డలి, నాగలి, ఆవు, నిప్పు, తుపాకి. తెలివిగా వాడితే వాటిని తిరిగి తెచ్చేవి కూడా ఇవే. 1937లో అమెరికా ప్రభుత్వం తుపాకుల మీద, తూటాల మీద వచ్చే పన్నును వన్యప్రాణుల పనికి కేటాయిస్తూ చట్టం చేసింది. వేటగాడు కట్టిన పన్నుతోనే రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు నిలబడ్డాయి. పిట్ట కోసం నేల సిద్ధం చేయడం అనే పని ఒక శాస్త్రంగా, ఒక వృత్తిగా మొదలైంది ఆ పదేళ్లలోనే.

కొండవాలు మీద పచ్చగడ్డి

సరిగ్గా స్టోడార్డ్ పుస్తకం అచ్చయిన ఆ 1931లోనే కెంటకీలో మరో సంగతి జరిగింది. కెంటకీ విశ్వవిద్యాలయంలో ఇ. ఎన్. ఫెర్గస్ అనే పంటల శాస్త్రవేత్త ఉండేవాడు. మెనిఫీ కౌంటీలో తీపిజొన్న పాకం పోటీ పెట్టి, ఏ పాకం బాగుందో తేల్చడానికి ఆయనను పిలిచారు. అక్కడ జనం ఒక మాట చెప్పారు: విలియం సూటర్ అనే రైతు కొండవాలు పొలంలో ఒక గడ్డి ఉంది, అది ఎండకు చావదు, చలికి చావదు, వాన కోతకు మట్టిని వదలదు. ఫెర్గస్ వెళ్లి చూశాడు. చలికాలంలో కూడా పచ్చగా ఉంది. విత్తనం తెచ్చి పరీక్షించాడు. 1943లో 'కెంటకీ 31' అనే పేరుతో రైతులకు విడుదల చేశారు. ఆ 31 అనేది గడ్డిని కనుగొన్న ఏడు. జాతి పేరు టాల్ ఫెస్క్యూ.

ఆ కాలాన్ని తలుచుకోండి. 1930లలో దున్నిన మైదానాల మట్టి గాలికి లేచి పట్టపగలే చీకటి కమ్మింది. 1935లో మట్టిని కాపాడడానికి ప్రత్యేకంగా చట్టం చేసి, ఒక శాఖనే పెట్టారు. కొండవాలు పొలాల్లో వాగులంత గండ్లు పడ్డాయి. అలాంటి రైతుకు ఈ గడ్డి దొరికింది. తొక్కినా చావదు, మేపినా చావదు, మట్టిని గుప్పిట్లో పట్టినట్లు పట్టుకుంటుంది. వాళ్లు దాన్ని వరం అన్నారు. అనడం తప్పా? కాదు. వాళ్ల కళ్ల ముందు ఉన్న కష్టం నిజం, దొరికిన మందు కూడా నిజం. ఆ గడ్డి సుమారు 3.5 కోట్ల ఎకరాలకు పాకింది.

ఆ తరువాత లెక్క బయటికి వచ్చింది. ఆ పచ్చిక మేసిన పశువులు పచ్చగడ్డి మధ్యలోనే చిక్కిపోయాయి. చలికాలంలో కొన్నింటికి గిట్టలు ఊడాయి, తోక కొసలు రాలాయి. ఎండాకాలంలో నీడ వదిలి రాలేకపోయాయి. చూలు గుర్రాలకు ఈతలో ప్రమాదం వచ్చింది. ఎన్నో ఏళ్లు కారణం అంతుచిక్కలేదు. 1977లో జార్జియాలోని పరిశోధకులు, పశువులు చిక్కిపోతున్న పచ్చికలో గడ్డి లోపల కంటికి కనిపించని ఒక బూజు ఉందని రాశారు. విత్తనంతోపాటే అది తరం నుంచి తరానికి వెళ్తుంది. అది చేసే విషమే పశువు రక్తనాళాలను బిగిస్తుంది.

అయితే ఆ బూజు తీసేసిన విత్తనం వేస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. 1980లలో వేశారు. పశువులు బాగానే పెరిగాయి. గడ్డి మాత్రం కరువుకు, తొక్కిడికి చచ్చిపోయింది. ఎందుకంటే ఆ గడ్డి మొండితనం బూజు ఇచ్చిందే. ఏ గుణాన్ని చూసి ఫెర్గస్ ఆ కొండవాలు మీద మెచ్చుకున్నాడో, పశువుకు హాని చేసినదీ దాని వేరు నుంచి వచ్చినదే. బలమూ రోగమూ ఒకే విత్తనంలో ఉన్నాయి. పశువుకు హాని చేయని వేరే బూజు పెట్టిన రకాలు తరువాత వచ్చాయిగానీ, పాతది అప్పటికే కోట్ల ఎకరాల్లో వేళ్లు దించుకుంది.

మరి పూరేడు? దాని సంగతి అప్పుడు ఎవరూ అడగలేదు. ఫెస్క్యూ దుబ్బులుగా ఆగదు. కొన్నేళ్లకు చాప పరిచినట్లు నేలంతా కప్పేస్తుంది. తుమ్మెదంత పిల్ల ఆ చాపలో నడవలేదు. పురుగు తక్కువ, పనికివచ్చే గింజ తక్కువ. దూరం నుంచి చూస్తే పచ్చగా, చక్కగా, దువ్వినట్లు కనిపించే పొలం ఆ పిట్టకు ఎడారి. దక్షిణాన బెర్ముడా గడ్డి కూడా ఇదే పని చేసింది. బెర్ముడా అంటే కొత్తదేమో అనుకునేరు, మన మాగాణి గట్ల మీద రైతును ఏడిపించే గరికే అది! అమెరికా పక్షుల లెక్క 1966లో మొదలైంది. నాటి నుంచి నేటికి బాబ్‌వైట్‌లు ఐదింట నాలుగు వంతులకు పైగా తగ్గిపోయాయి. గడ్డి ఒక్కటే దానికి కారణం కాదు. పెద్ద యంత్రాలు, మందులు, గట్లు లేని పొలాలు, నిప్పు తగలని అడవులు, అన్నీ కలిశాయి. కానీ చాప గడ్డి అందులో పెద్ద పాలే తీసుకుంది.

ఒక్కో పని, ఒక్కో కాలం

ఇప్పుడు ఆ మనవడు పొలంలో నిలబడి ఉన్నాడు. తాత చల్లిన ఫెస్క్యూను తీసి, పిట్టకు చోటు చేయాలి. అతడు ఏ వరుసలో పని చేస్తాడో చూద్దాం. ఒక్కో పని వెనుక ఒక్కో చరిత్ర ఉంది.

మొదట పొలమంతా నడుస్తాడు. ఏ గడ్డి ఉందో, ఏ మూల ఇంకా పాత దుబ్బు గడ్డి మిగిలి ఉందో చూస్తాడు. తరువాత పది పదిహేను చోట్ల నాలుగు నుంచి ఆరు అంగుళాల లోతు మట్టి తీసి, బకెట్లో కలిపి, పిడికెడు పరీక్షకు పంపుతాడు. వానలు ఎక్కువగా పడే ఆ తూర్పు నేలలు పులిసి ఉంటాయి. పులిసిన నేలలో ఎరువు వేసినా మొక్కకు అందదు. ఈ సంగతి అమెరికాలో గట్టిగా చెప్పినవాడు వర్జీనియాకు చెందిన ఎడ్మండ్ రఫిన్. 1818లో తన పొలంలో సున్నపు మన్ను చల్లి చూసి, 1832లో దాని మీద పుస్తకం రాశాడు. చచ్చిన పొలాలు లేచాయి. అయితే ఆ సున్నపు మన్ను తవ్వి మోసినవి బానిసల చేతులు. రఫిన్ చివరిదాకా ఆ బానిసత్వాన్నే సమర్థించాడు. నేల పులుపును కనిపెట్టినవాడు మనసు పులుపును కనిపెట్టుకోలేకపోయాడు. సున్నం ఒక్క రోజులో పని చేయదు. ఆరు నెలల ముందే చల్లాలి. అందుకే మట్టి పరీక్ష విత్తే ముందు రోజు చేసే పని కాదు.

ఆపైన పాత గడ్డిని మేపించో, కోయించో, కాల్చో తీసేస్తాడు. తీసి ఊరుకుంటాడు! లేత గడ్డి ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు మళ్లీ పెరగనిస్తాడు. చూసేవారికి ఇది అర్థం కాదు. చంపవలసిన గడ్డిని పెంచడమేమిటి? మందు పని చేసేది పెరుగుతున్న పచ్చి ఆకు మీదే. ఎండిన తుక్కు మీద కొడితే మందూ వృథా, డబ్బూ వృథా. కాలం కూడా ఏరుకుంటాడు. అక్టోబరు, నవంబరు నెలల్లో పాత దుబ్బు గడ్డి, పూలమొక్కలు నిద్రపోతాయి. ఫెస్క్యూ ఒక్కటే మేలుకుని పచ్చగా ఉంటుంది. అప్పుడు గ్లైఫోసేట్ కొడితే మెలకువగా ఉన్నది చస్తుంది, నిద్రపోతున్నది మిగులుతుంది. మన పత్తి రైతులకు బాగా తెలిసిన ఆ మందు 1974లో బజారులోకి వచ్చింది. మందును మందుగానే చూడాలి, చేతికి తొడుగు, ముక్కుకు గుడ్డ, గాలి లేని వేళ, తగినంత మోతాదు. వసంతంలో మళ్లీ వచ్చి చూస్తాడు. మిగిలిన చోట ఇంకోసారి కొడతాడు. అందుకే ఏడాది పడుతుందన్నాను.

ఇక దున్నాలా వద్దా? 'దుక్కి కొద్దీ పంట' అని మన పెద్దల మాట. అక్కడా అలాగే అనుకున్నారు. కానీ 1962లో అదే కెంటకీలో హ్యారీ యంగ్ అనే రైతు ఎకరంలో ముప్పాతిక కూడా లేని చెక్కలో, గడ్డిని మందుతో చంపి, దున్నకుండా మొక్కజొన్న విత్తాడు. పొరుగువారు చూడవచ్చారు, తరువాత వేలమంది వచ్చారు. కొండవాలు నేలను కదిలించకుండా విత్తడం అలా పాకింది. మేతమడి వేసేవారికి దీనిలో ఇంకో మేలు ఉంది. నేలను ఎంత తిరగేస్తే కింద నిద్రపోతున్న విత్తనాలు అంత పైకి వస్తాయి.

ఆ నిద్ర ఎంత కాలమో తెలుసా? 1879లో మిచిగన్‌లో విలియం బీల్ అనే ఆచార్యుడు 20 సీసాల్లో ఇసుకతో కలిపి, 21 రకాల మొక్కల విత్తనాలు, ఒక్కో రకం 50 చొప్పున పోసి, మట్టిలో పాతిపెట్టాడు. కొన్నేళ్లకు ఒక సీసా చొప్పున తీసి మొలకెత్తించి చూడమన్నాడు. ఆయన పోయాడు, ఆయన శిష్యులు పోయారు, ఆ పని మాత్రం చేతులు మారుతూ సాగుతోంది. 2021లో, 142 ఏళ్ల తరువాత, వెలుతురు తగలకుండా రాత్రివేళ తవ్వి ఒక సీసా తీశారు. అందులో కొన్ని విత్తనాలు మొలకెత్తాయి! చివరి సీసా తీయవలసింది 2100లో.

అంటే నేల మరిచిపోదు. అందులో చెడ్డ విత్తనమూ ఉంటుంది, మంచి విత్తనమూ ఉంటుంది. ఫెస్క్యూ చచ్చిన చోట, ఎవరూ ఏమీ చల్లకుండానే, తాతల కాలంనాటి దుబ్బు గడ్డి, చిక్కుడు జాతి తీగలు, కలుపని మనం పీకేసే రాగ్‌వీడ్ లాంటి మొక్కలు లేచిన పొలాలు ఎన్నో ఉన్నాయి. రాగ్‌వీడ్ మన వయ్యారిభామకు దూరపు చుట్టం. రైతుకు అది కలుపు, మనిషి ముక్కుకు తుమ్ము. పూరేడుకు మాత్రం చలికాలపు అన్నం. అందుకే తెలిసినవారు గడ్డి చంపిన వెంటనే విత్తన సంచి విప్పరు. ఒక కారు ఆగి, ఏం లేస్తుందో చూస్తారు. విత్తవలసి వస్తే పొదలను ఆనుకుని సన్నటి పొడవాటి చెక్కల్లో జొన్న, సజ్జ జాతి, అలసంద వేస్తారు. పిట్ట పొదను వదిలి దూరం పోదు కాబట్టి. అదీ మడి మొత్తం వేయరు. సగం విత్తి, సగం ఆ ఏడాది బీడు వదులుతారు. మరుసటి ఏడు తిరగేస్తారు. విత్తిన సగంలో చలికాలానికి గింజ, వదిలిన సగంలో తుమ్మెదంత పిల్లకు పురుగు.

మన గట్టు మీద నిలబడి

ఇది దూరదేశపు కథ అని పక్కన పెట్టగలమా? మన ఊళ్ల చెరువుగట్ల మీద సర్కారు తుమ్మ ఉంది. ఆ పేరులోనే చరిత్ర ఉంది, సర్కారువారు తెచ్చిన తుమ్మ. వంటచెరకు కొరత తీరుతుందని, బోడినేల పచ్చబడుతుందని 1870లలో కడప ప్రాంతంలో నాటించారు. కట్టెలు దొరికిన మాట నిజం. చెరువు కడుపులు మూసుకుపోయిన మాట కూడా నిజం. అమెరికాలో కూడా ఫెస్క్యూ ఒక్కటే కాదు. మట్టి కోతకు కంచెగా, పిట్టలకు నీడగా అని మట్టి సంరక్షణ శాఖవారే జపాన్ నుంచి వచ్చిన గుత్తి గులాబీని నాటించారు. ఈనాడు చాలా రాష్ట్రాల్లో అది నిషేధపు కలుపు. మేలు చేద్దామన్న మనసు ఉండడం ఒకటి, ఆ మేలు ఎవరికి, దాని కింద నలిగేది ఎవరు అని అడగడం మరొకటి. మొదటిది సులువు. రెండవదానికి నేల మీద కూర్చుని పిట్ట ఎత్తునుంచి చూడాలి.

నేలను అడవి జంతువులకు వదలడం అనే ఆలోచన అమెరికాది కూడా కాదు. నిర్గమకాండం 23వ అధ్యాయంలో ఒక కట్టడ ఉంది. ఆరేళ్లు విత్తి కోసుకున్న పొలాన్ని ఏడవ ఏట బీడు వదలాలి. దానంతటది పండింది ముందు బీదలు తినాలి, వాళ్లు మిగిల్చింది అడవి మృగాలు తినాలి. ఆ వరుస గమనించండి. బీదవాడిని పక్కన పెట్టి మృగానికి పెట్టమనలేదు, మృగాన్ని మరిచిపొమ్మనీ అనలేదు. థామస్‌విల్ భూస్వాములు వాటాకు చేసుకునే కుటుంబాన్ని లెక్కచేయలేదు, పిట్ట తగ్గితే మాత్రం కలవరపడ్డారు. ఆ కట్టడ రాసిన కాలంలోనే రెండూ ఒకే పొలంలో, ఒకే మాటలో ఉన్నాయి.

మన గోదావరి, కృష్ణా పల్లెల్లో కోతలప్పుడు వరి కంకులను కుచ్చులుగా అల్లి చూరుకు వేలాడదీసేవారు. పిచ్చుకల కోసం. ఎవరూ చట్టం చేయలేదు, ఎవరూ నిధి ఇవ్వలేదు. ఈనాడు ఆ కుచ్చులు బజారులో అలంకారానికి అమ్ముతున్నారు. కొని కడితే మంచిదే. కానీ పిచ్చుక పిల్లకు కావలసిన పురుగు, గూటికి కావలసిన చూరు మన ఇంట్లో మిగిలాయా అని కూడా చూడాలి. కుచ్చు ఒక్కటే పిచ్చుకను తేలేదు, జొన్న ఒక్కటే పూరేడును తేలేనట్లు.

ప్రియులారా, మంచి పని మొదలుపెట్టేటప్పుడు మన చేయి ముందు విత్తన సంచి మీదికి వెళ్తుంది. విత్తడం కంటికి ఇంపు, పదిమందికి కనిపిస్తుంది. గడ్డి తీయడం ఎవరికీ కనిపించదు. మట్టిని పరీక్షకు పంపడం, ఆరు నెలలు ఆగడం, తాతలు ఏం చల్లారో, ఎందుకు చల్లారో తెలుసుకోవడం, వాళ్లను నిందించకుండానే వాళ్లు చల్లినదాన్ని తీయడం, ఏం లేస్తుందోనని ఒక కారు ఎదురుచూడడం, ఇవన్నీ ఓపిక పనులు. పొలానికైనా, ఇంటికైనా, ఊరికైనా, సంఘానికైనా వరుస ఇదే అనిపిస్తుంది.

ఆ కెంటకీ మనవడు ఏదో ఒక జూన్ ఉదయం గట్టు మీద నిలబడతాడు. మడి దువ్వినట్లు చక్కగా ఉండదు. ఒక సగం జొన్న, ఒక సగం బీడు, మధ్య మధ్య ఖాళీ మన్ను. దారిన పోయేవాడు చూసి వీడు సోమరి అనుకుంటాడు. అప్పుడు పొద చాటునుంచి రెండు ముక్కల కూత ఒకటి వినిపిస్తుంది. తాత చిన్నప్పుడు విన్న కూత అది. ఆ కూత వినిపించిన రోజున అతడు చేసిన పనికి ఇంకో సాక్ష్యం అక్కరలేదు.